ఎవరూ సంతకం పెట్టని కోత

నస్పూర్ బొగ్గు ఊరు. శ్రీరాంపూర్ గనుల మీద బతికే ఈ ఊరికి వాయుసేన మాట దూరపు సంగతిగానే తోస్తుంది. కానీ దేశపు యుద్ధవిమాన పైలట్ తయారయ్యే దారి తెలంగాణ నేల మీదుగానే పోతుంది. దుండిగల్ వైమానిక అకాడమీలో తొలి పాఠం, హకీంపేటలో కిరణ్ జెట్ మీద రెండో పాఠం, ఆ తర్వాత మన సరిహద్దు దాటగానే ఉన్న బీదర్‌లో హాక్ మీద మూడోది. ఈ దారిలో ఎక్కడ గుంత పడినా దాని ఫలితం పదేళ్ల తర్వాత సరిహద్దుల్లో కనిపిస్తుంది. ఖజానా బిగుసుకున్నప్పుడు వాయుసేనలో దేన్ని తగ్గించవచ్చు, దేన్ని ముట్టుకోకూడదు అన్నదే ఈ సంవాదంలోని ప్రశ్న. మాట్లాడుకునేది నస్పూర్‌వాసులు ఇద్దరు. ఒకరు ప్రభుత్వ కళాశాలలో అర్థశాస్త్రం చెప్పే అధ్యాపకుడు. మరొకరు విమానాల మెయింటెనెన్స్‌లో పనిచేసి విరమించిన వాయుసైనికుడు. నా పక్షం రెండో ఆయనదే. మొదటి ఆయన అభ్యంతరాలు మాత్రం తేలిగ్గా తోసేయదగినవి కావు.

అధ్యాపకుడు: అన్నా, మొదట ఆ ‘కోత’ అనే మాట దగ్గరే నాకు పేచీ ఉంది. 2025-26 బడ్జెట్‌లో రక్షణశాఖకు ఇచ్చింది 6 లక్షల 81 వేల కోట్ల రూపాయలు. అంతకుముందు ఏడాది 6 లక్షల 22 వేల కోట్లు. ఏటా పెరుగుతున్నదాన్ని కోత అని ఎట్లా అంటాం? స్థూల దేశీయోత్పత్తిలో వాటా తగ్గింది నిజమే, 1980ల చివర మూడు శాతం పైన ఉన్నది ఇప్పుడు రెండు లోపుకు వచ్చింది. కానీ ఉత్పత్తే పెద్దదైనప్పుడు వాటా చిన్నదైతే దిగులు పడాల్సిన పని లేదు. 42 స్క్వాడ్రన్లు ఉండాలి, 2025 సెప్టెంబర్ 26న మిగ్-21 విరమించాక 29కి పడిపోయాం అంటున్నారు. ఆ 42 అనేది పాతకాలపు యుద్ధాలను దృష్టిలో పెట్టుకుని వేసుకున్న లెక్క. ఏ శాఖనైనా అడగండి, మాకు తక్కువైందనే అంటుంది. అది సంస్థల స్వభావం. మన వైపే చూడండి. ఆదిలాబాద్‌లో నిజాం కాలం నాటి ఎయిర్‌ఫీల్డ్ దశాబ్దాలుగా వాయుసేన పేరున ఉండిపోయింది. పౌర విమానాలకు 2025లో గానీ అనుమతి రాలేదు. రక్షణ పేరు చెప్పగానే మిగతా అవసరాలన్నీ క్యూలో వెనక్కి జరగడం నాకు న్యాయంగా కనిపించదు.

వాయుసైనికుడు: సార్, మీ అంకెలతో నాకు తగువు లేదు. ఇంకా డబ్బు పొయ్యండని కూడా నేను అడగడం లేదు. ఆ 6 లక్షల 81 వేల కోట్లలో లక్షా 60 వేల కోట్లు పెన్షన్లే. జీతాలు, పెన్షన్లు ఆపలేరు. పెద్ద ఒప్పందాల వాయిదాలు కట్టకుండా ఉండలేరు. మరి చెయ్యి బిగిసినప్పుడు దేని మీద పడతారు? వచ్చే ఏడాది చూద్దాం అనడానికి వీలున్న వాటి మీద పడతారు. శిక్షణ ఎప్పుడూ ఆ వరుసలోనే ఉంటుంది. కిరణ్ లాంటి జెట్ నుంచి నేరుగా మిగ్-21 ఎక్కించడం ప్రమాదమని, మధ్యలో అధునాతన శిక్షణ జెట్ కావాలని 1982లో వేసిన లా ఫాంటేన్ కమిటీ చెప్పింది. బ్రిటన్‌తో హాక్ విమానాల ఒప్పందం జరిగింది 2004 మార్చిలో. బీదర్‌లో అవి వాయుసేనలో చేరింది 2008 ఫిబ్రవరిలో. కమిటీకీ విమానానికీ మధ్య ఇరవై ఆరేళ్లు. ఆ ఇరవై ఆరేళ్లలో ఏ ఆర్థికమంత్రీ పైలట్ల శిక్షణ తగ్గిస్తున్నామని సభలో చెప్పలేదు. ఏ ఫైలు మీదా ఆ మాట రాసి ఎవరూ సంతకం చేయలేదు. ధరల బేరం, కమిటీ మీద కమిటీ, ప్రభుత్వం మారడం, ఫైలు మళ్లీ మొదటికి రావడం. వాయిదా కూడా కోతే సార్. బాధ్యుడు లేని కోత కాబట్టే అది అన్నిటికంటే ప్రమాదకరం. దేశానికి వచ్చిన 872 మిగ్‌లలో 482 కూలిపోయాయనీ, 171 మంది పైలట్లు, 39 మంది పౌరులు చనిపోయారనీ రక్షణమంత్రి ఏ.కె. ఆంటోనీ 2012లో పార్లమెంటుకు చెప్పారు. అవన్నీ శిక్షణ లోపాలే అని నేననను. ఇంజన్ ఆగిపోయినవి ఉన్నాయి, పక్షులు తగిలినవి ఉన్నాయి, గంటకు 300 కిలోమీటర్ల పైన వేగంతో నేల దిగాల్సిన ఆ విమానం తీరే కఠినం. అంత కఠినమైన విమానం మీదకు మధ్య మెట్టు లేకుండా కుర్రవాళ్లను పాతికేళ్లకు పైగా ఎక్కించాం. నా ఫిర్యాదు దాని మీద.

అధ్యాపకుడు: అది జరిగిపోయిన కథ. ఆలస్యమైనా హాక్ వచ్చింది. దుండిగల్‌కు స్విస్ పిలాటస్ విమానాలు వచ్చాయి. 2016లో అక్కడి నుంచే ముగ్గురు ఆడపిల్లలు, అవనీ చతుర్వేది, భావనా కాంత్, మోహనా సింగ్, యుద్ధవిమాన శాఖలోకి వెళ్లారు. వ్యవస్థ తప్పు దిద్దుకున్నదనడానికి ఇంతకంటే ఏం కావాలి? పాత గాయాన్ని చూపించి కొత్త ఖర్చుకు ఒప్పించడం సరైన వాదన కాదు.

వాయుసైనికుడు: దిద్దుకుని ఉంటే నేనూ ఊరుకునేవాణ్ణి. పిలాటస్ ఎందుకు కొనాల్సి వచ్చిందో చూడండి. అంతకుముందు తొలి పాఠానికి ప్రభుత్వ విమాన తయారీ సంస్థ హెచ్ఏఎల్ తయారుచేసిన హెచ్‌పీటీ-32 ఉండేది. ఆకాశంలో ఇంజన్ ఆగిపోయే జబ్బు దానిది. 17 ప్రమాదాలు, 19 మంది పైలట్ల ప్రాణాలు. 2009 జులై 31న మెదక్ జిల్లాలో ఒకటి కూలి ఇద్దరు శిక్షకులు చనిపోయాక గానీ వాటిని నేల మీద నిలబెట్టలేదు. నిలబెట్టేనాటికి ప్రత్యామ్నాయం సిద్ధంగా లేదు. రెండో పాఠం కోసం ఉన్న కిరణ్ మీదనే మొదటి పాఠం కూడా చెప్పారు. ఉన్న విమానాలు రెండు పనులకు పంచుకుంటే ఎగిరే గంటలు కుదించుకోక తప్పదు. 2012 మేలో 75 పిలాటస్ విమానాలకు ఒప్పందమైంది, 2013 నుంచి వచ్చాయి. కిరణ్‌కు బదులు రావాల్సిన సితార అనే జెట్ 2003లో తొలిసారి ఎగిరింది, నేటికీ శిక్షణలో చేరలేదు. దేశీయ హెచ్‌టీటీ-40 తొలిసారి ఎగిరింది 2016లో, 70 విమానాలకు ఒప్పందం జరిగింది 2023 మార్చిలో, ఆపైన ఇంజన్ల సరఫరా ఆలస్యమైంది. ఫలితం ఏమైందో నా మాట వద్దు, ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ మాట వినండి. పైలట్ల శిక్షణ మీద 2024 డిసెంబర్‌లో పార్లమెంటు ముందు పెట్టిన నివేదికలో, 2015 ఫిబ్రవరిలో 486గా ఉన్న పైలట్ల కొరత 2021 చివరికి 596కు పెరిగిందని రాశారు. ఏటా 222 మందిని శిక్షణలోకి తీసుకోవాలని ప్రణాళిక వేసుకుని అంతమందిని తీసుకోలేకపోయారు. కొత్తవనుకున్న పిలాటస్‌లలో కూడా 64కు గాను 16 విమానాల్లో 38 సార్లు ఇంజన్ ఆయిల్ కారిందని అదే నివేదిక చెప్పింది. ఇది పాత గాయం కాదు సార్, మానకుండా కొనసాగుతున్నది.

ఈ కొరతకు ఇంకో గుణం ఉంది. తనను తాను పెంచుకుంటుంది. శిక్షకుడు ఎక్కడి నుంచో రాడు, స్క్వాడ్రన్‌లో అనుభవం గడించిన పైలటే శిక్షకుడవుతాడు. స్క్వాడ్రన్‌లో మనుషులు తక్కువైతే అతణ్ణి అకాడమీకి పంపరు. అతను రాకపోతే అకాడమీ నుంచి కొత్తవాళ్లు తక్కువగా వస్తారు. మరుసటేడు స్క్వాడ్రన్‌లో ఇంకా తక్కువవుతారు. దీన్ని ఆఖరిదాకా లాగితే ఏమవుతుందో రెండో ప్రపంచయుద్ధంలో జర్మనీ చూపించింది. 1942 చివర స్టాలిన్‌గ్రాడ్‌లో చిక్కుకున్న సైన్యానికి సరుకులు వేయడానికి శిక్షణ పాఠశాలల నుంచి విమానాలనూ శిక్షకులనూ లాగేశారు. తర్వాత ఇంధనం కొరత వచ్చింది. 1944కల్లా జర్మన్ కొత్త పైలట్‌కు దొరికే శిక్షణ గంటలు బ్రిటిష్, అమెరికన్ పైలట్లకు దొరికేవాటిలో మూడోవంతుకు దిగాయి. విచిత్రమేమిటంటే ఆ దేశం అన్నిటికంటే ఎక్కువ విమానాలు తయారుచేసిన సంవత్సరం కూడా ఆ 1944నే, నలభై వేల దాకా. ఫ్యాక్టరీల్లో విమానాలు బారులు తీరాయి, ఆకాశం మాత్రం చేజారింది. విమానాల లెక్కను బట్టి బలాన్ని కొలిచేవాళ్లందరూ గుర్తుపెట్టుకోవాల్సిన సంవత్సరం అది.

అధ్యాపకుడు: ఎనభై ఏళ్ల కిందటి యుద్ధం అది. ఇప్పుడు సిమ్యులేటర్లు ఉన్నాయి, డ్రోన్లు ఉన్నాయి. ఒక గంట విమానం ఎగరేసే ఖర్చుతో సిమ్యులేటర్‌లో ఎన్నో గంటలు సాధన చేయించవచ్చు. 2025 మేలో ఆపరేషన్ సిందూర్ రోజుల్లో డ్రోన్లు ఎంత పని చేశాయో దేశమంతా చూసింది. రేపటి యుద్ధంలో మనిషి కూర్చున్న విమానం పాత్రే తగ్గిపోతుంటే, ఇవాళ మనం పైలట్ గంటల కోసం పట్టుబట్టడం రేపు పనికిరాని నైపుణ్యంలో పెట్టుబడి పెట్టడం కాదా? అంత ధనిక దేశం అమెరికా కూడా 2013లో బడ్జెట్ కోతలు పడినప్పుడు 17 యుద్ధ స్క్వాడ్రన్లను ఎగరకుండా నిలిపేసింది. ఆకాశమేం కూలిపోలేదు.

వాయుసైనికుడు: సిమ్యులేటర్ కావాలి. అత్యవసర పరిస్థితిలో ఏ మీట ఎప్పుడు నొక్కాలో వందసార్లు ప్రాణభయం లేకుండా నేర్పేది అదే. కానీ అది గంటలకు తోడుగా ఉండాలి, గంటలను మింగకూడదు. విమానం గింగిరాలు తిరుగుతూ కిందికి జారుతున్నప్పుడు ఒంటి మీద పడే బరువులో, తల తిరుగుడులో బుద్ధి స్థిమితంగా ఉంచుకోవడం గదిలో కూర్చుంటే రాదు. సితార ఇన్నేళ్లు ఆగిపోయింది ఈ గింగిరాల పరీక్ష దగ్గరే. విద్యార్థిని ఆ స్థితిలోకి తీసుకెళ్లి బయటికి తెచ్చి చూపించగల విమానమే శిక్షణ విమానం. అది లేకుండా చెప్పే పాఠం సగం పాఠం. డ్రోన్ల మాటకొస్తే, వాటిని ప్రపంచంలోకెల్లా ఎక్కువగా వాడుతున్న దేశాల్లో ఉక్రెయిన్ ఒకటి. ఆ దేశమే ఎఫ్-16ల కోసం పదేపదే అడిగింది. 2023 ఆగస్టులో ఇస్తామన్నారు, 2024 వేసవి దాకా అవి రంగంలోకి దిగలేదు. విమానాలు అప్పటికే ఉన్నాయి, ఇచ్చే దేశాలు ఉన్నాయి. వాటిని నడపగల మనుషుల తయారీ దగ్గరే ఆలస్యమైంది. డ్రోన్ అయినా అంతే, దాని వెనక కూర్చుని ఇది శత్రువా, బడి బస్సా అని తేల్చాల్సింది శిక్షణ పొందిన మనిషే.

అమెరికా ఉదాహరణ నా పక్షానే నిలబడుతుంది. మూడు నెలలు ఆపిన ఎగరడాన్ని మూడు నెలల్లో తిరిగి తెచ్చుకోలేమని అప్పుడే వాళ్ల అధికారులు చెప్పారు. నాలుగైదేళ్లకు అక్కడి వాయుసేన దాదాపు 2,000 మంది పైలట్ల కొరత ఉందని ఒప్పుకుంది. విమానయాన కంపెనీలు జీతాలు పెంచి పిలుచుకోవడం కూడా దానికి కారణమే, ఒక్క 2013 మీదే నెట్టడం సరికాదు. కానీ ఎగరని పైలట్ ఉద్యోగంలో ఎందుకుంటాడు? ఒక్క విషయంలో మాత్రం అమెరికాను మెచ్చుకోవాలి. ఏ స్క్వాడ్రన్లు ఆగాయో బాహాటంగా చెప్పి ఆపారు. అది సంతకం ఉన్న కోత. జనం చూశారు, చట్టసభ చూసింది, ఆ వేసవిలోనే డబ్బు సర్ది మళ్లీ ఎగిరించారు. మన వాయిదాలకు ఆ అవకాశమే లేదు, ఎందుకంటే అవి జరుగుతున్నట్టే ఎవరికీ తెలియదు.

అధ్యాపకుడు: అయితే మీ వాదన మీకే ఎదురు తిరుగుతుందన్నా. 75 పిలాటస్ విమానాలకు అయింది సుమారు 2,900 కోట్లు. 36 రఫేల్‌లకు, వాటి ఆయుధాలూ విడిభాగాలూ కలిపి, 58 వేల కోట్ల పైమాటే. అంటే దుండిగల్‌కు చేరిన మొత్తం శిక్షణ విమానాల ధర రెండు రఫేల్‌ల లెక్కకు సమానం కూడా కాదు. అంత చిన్న మొత్తం దగ్గర దేశం ఆగిపోయిందంటే ఖజానాను తప్పుపట్టలేం. ఆ తప్పు నాయకత్వానిది. వాయుసేన పెద్దలకు యుద్ధవిమానం మీద ఉన్న మోజు శిక్షణ విమానం మీద లేదు. హెచ్ఏఎల్‌కు గడువులంటే లెక్క లేదు. రక్షణశాఖ ఇద్దరినీ నిలదీయలేదు. మధ్యలో బడ్జెట్‌ను ముద్దాయిని చేయడం దేనికి?

వాయుసైనికుడు: ఈ మాటతో మనిద్దరి దారి కలిసింది సార్. బడ్జెట్ బిగుసుకోవడం కారణం కాదు, పరీక్ష. ఆ పరీక్షలో నాయకుడు దేన్ని కాపాడుకున్నాడో అదే అతని నాయకత్వం. హైదరాబాద్‌లో పుట్టిన ఇద్రీస్ హసన్ లతీఫ్ 1978 నుంచి 1981 దాకా వాయుసేనాధిపతి. ఆయన హయాంలోనే, 1979లో, జాగ్వార్ వచ్చింది. మంచి విమానమే. కానీ నలభై ఆరేళ్ల తర్వాత కూడా అదే ఎగురుతోంది, ప్రపంచంలో మరే దేశమూ వాడని కాలంలో. ఒక్క 2025లోనే మార్చి, ఏప్రిల్, జులై నెలల్లో మూడు జాగ్వార్లు కూలాయి, చివరి రెండింటిలో ముగ్గురు పైలట్లు పోయారు. కొన్ననాడు పండగ చేస్తాం. మార్చాల్సిన నాడు మరిచిపోతాం. మన గనుల సంగతే తీసుకోండి. పైకప్పుకు సపోర్టు పెట్టే పని ఆలస్యం చేస్తే ఆ షిఫ్టులో బొగ్గు తగ్గదు, ఒక్కోసారి ఎక్కువే వస్తుంది. రిజిస్టర్‌లో అంతా బాగున్నట్టే కనిపిస్తుంది. కప్పు కూలేది ఇంకో రోజు, ఇంకో షిఫ్టు మీద. అందుకే శిక్షణ లేనివాణ్ణి గనిలోకి దింపకూడదని 1966 నుంచే నిబంధనలు ఉన్నాయి, ఉత్పత్తి ఒత్తిడి ఎంతున్నా ఆ నియమం పక్కన పెట్టకూడదని పోరాడింది కార్మికులే. వాయుసేనలో ఆ ఒత్తిడికి ఎదురు నిలబడాల్సింది సేనాధిపతి.

2017 నుంచి 2022 వరకు జరిగిన 34 విమాన ప్రమాదాల్లో 19 సిబ్బంది తప్పిదం వల్ల జరిగినవని పార్లమెంటు స్థాయీసంఘానికి నివేదించారు. చాలామంది అక్కడ చదవడం ఆపేస్తారు. అసలు ప్రశ్న అక్కడే మొదలు కావాలి. తప్పు చేసిన ఆ మనిషికి చాలినన్ని గంటలు ఇచ్చామా? అనుభవం ఉన్న శిక్షకుణ్ణి ఇచ్చామా? నమ్మదగిన విమానం ఇచ్చామా? 2023 డిసెంబర్ 4న తూప్రాన్ మండలం రావెల్లి దగ్గర పిలాటస్ కూలి శిక్షకుడూ విద్యార్థీ ఇద్దరూ మరణించారు. అలాంటి ప్రతి ప్రమాదం తర్వాతా ఈ మూడు ప్రశ్నలకూ జవాబు రావాలి. వాయుసేనాధిపతి హోదాలో ఏ.పి. సింగ్ 2025లో, రక్షణ ప్రాజెక్టుల్లో సకాలంలో పూర్తయినది ఒక్కటి కూడా తనకు గుర్తు రావడం లేదని బహిరంగ వేదిక మీద అన్నారు. కొందరికి అది నచ్చలేదు. నాకు మాత్రం అదే నాయకత్వం అనిపించింది. కింద ఎగిరేవాడి స్థితిని పైన కూర్చున్నవాళ్లకు ఉన్నదున్నట్టు చెప్పడం సేనాధిపతి మొదటి ధర్మం.

అధ్యాపకుడు: చెప్పడం అంటున్నారు గనుక అడుగుతున్నా. ఎంతమంది పైలట్లున్నారు, ఎన్ని గంటలు ఎగురుతున్నారు అన్నది బయటపెడితే లాభపడేది శత్రువు కాదా? ఇంకొకటి. శిక్షణకు ఇంతకు తగ్గకూడదని గీత గీస్తే రేపు ఆరోగ్యశాఖ గీత అడుగుతుంది, మా విద్యాశాఖ అడుగుతుంది. అందరికీ గీతలు గీస్తే ఆపదలో సర్దుకోవడానికి ప్రభుత్వం చేతిలో ఏం మిగులుతుంది?

వాయుసైనికుడు: ఏ స్థావరంలో ఎన్ని విమానాలున్నాయో, ఎవరు ఎటు మోహరించారో చెప్పమనడం లేదు. ఏటా ఎంతమంది శిక్షణ పూర్తి చేయాలి, ఎంతమంది చేశారు, శిక్షకుల పోస్టులు ఎన్ని ఖాళీ, అనుకున్న గంటల్లో ఎంత శాతం ఎగిరారు. ఈ నాలుగు చాలు. ఇందులో రెండు మూడు సంగతులు కాగ్ ఇప్పటికే అచ్చువేసింది, అదీ మూడేళ్లు ఆలస్యంగా. శత్రువు మన లోపాన్ని ఉపగ్రహాలతోనూ గూఢచారులతోనూ తెలుసుకోగలడు. తెలియకుండా ఉండిపోయేది మన పౌరుడికి, మన ఎంపీకి. మరీ గోప్యమైనవి స్థాయీసంఘానికి మూసిన గదిలో చెప్పవచ్చు. ఇక గీత సంగతి. నేనడిగేది రూపాయల మీద గీత కాదు, గంటల మీద, శిక్షకుల మీద. దాన్ని దాటకూడదని కూడా అనను. యుద్ధం వస్తుంది, విపత్తు వస్తుంది, దాటాల్సి వస్తుంది. దాటినవాడు ఎందుకు దాటాడో రాసి, పేరు పెట్టి, ఎప్పటికి పూడుస్తాడో చెప్పాలి. మీ విద్యాశాఖ మాట మీరే తెచ్చారు. అధ్యాపకుల పోస్టులు ఏళ్ల తరబడి ఖాళీగా ఉంచడం కోత కాదా సార్? దాని మీద ఎవరి సంతకం ఉంది? ఆ నియమం మీకూ వర్తిస్తే దేశానికి నష్టమేమీ లేదు.

అధ్యాపకుడు: ఆ పోలికకు నా దగ్గర జవాబు లేదు. ఒక్క అభ్యంతరం మాత్రం నిలుపుకుంటాను. 29 స్క్వాడ్రన్లతో ఉన్న దేశం కొత్త విమానాలను పక్కనపెట్టి శిక్షణే ముందు అనుకోలేదు. 180 తేజస్ మార్క్-1ఏ విమానాలకు లక్ష కోట్ల పైగా విలువైన ఒప్పందాలు 2021లో, 2025లో చేసుకున్నాం. అవి కూడా కావాలి.

వాయుసైనికుడు: కావాలి, ఎవరు కాదన్నారు? అవి వచ్చేనాటికి నడిపేవాడు ఇవాళే దుండిగల్‌లో చేరి ఉండాలి. విమానం ఆలస్యమైతే ఆలస్యంగానైనా కొనుక్కోవచ్చు. పదేళ్ల అనుభవమున్న శిక్షకుణ్ణి ఏ దేశమూ అమ్మదు. కాబట్టి రెండింటిలో ఒకటి వెనక్కి జరపక తప్పని రోజు వస్తే, వెనక్కి జరగాల్సింది శిక్షణ కాకూడదు. నా వాదనంతా ఇదే. ఆదిలాబాద్‌లో విమానం ఎప్పుడు దిగుతుందని మనం నేతలను గట్టిగానే అడుగుతున్నాం, అడగాలి కూడా. అదే నోటితో మన పెద్దపల్లి ఎంపీని, ఆదిలాబాద్ ఎంపీని ఇంకో ప్రశ్న వేసేలా చేయాలి. ఈ ఏడాది దుండిగల్ నుంచి ఎంతమంది పైలట్లు రావాల్సి ఉండగా ఎంతమంది వచ్చారు, తక్కువైతే ఆ నిర్ణయం ఎవరిది? ఏటా సభలో ఆ ప్రశ్న లేచి, జవాబు కింద ఒక పేరు ఉండేదాకా వాయిదాలు ఆగవు.